ఏఐని సిప్‌పీకి కలిపే కనెక్టర్ కొనేముందు మాకు జరిగింది చదవండి

ఫోన్ సర్వర్లను పరీక్షించే పనిలో ఉండి, కాల్స్ పంపి పరీక్షించే సిప్‌పీ (SIPp) సాఫ్ట్‌వేర్‌ను ఏఐతో నడిపించే కనెక్టర్ కొందామని చూస్తున్నవారికి ఈ హెచ్చరిక. అలాంటి కనెక్టర్‌కు మేం ఏడాది చందా కట్టి, ఏడు వారాలు వాడి తీసేశాం. ఆ ఏడు వారాల్లో అది ఫెయిలైన టెస్టును పాసైందని చెప్పింది. ముగిసిందన్న టెస్టును నాలుగు గంటల పాటు వెనకాల నడుపుతూనే ఉంది. మా పాస్‌వర్డుల ఫైలును తీసుకెళ్లి బయటి సర్వర్లకు అప్పగించింది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. మీ డబ్బైనా మిగలాలని, అంతకంటే ముఖ్యంగా మీ టెస్టు ఫలితాలు మీరు నమ్మగలిగేవిగా ఉండాలని రాస్తున్నాను.

అసలు ఎందుకు కొన్నామో చెప్పాలి. సిప్‌పీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. హెచ్‌పీ సంస్థలో మొదలై ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే జీపీఎల్ లైసెన్సుతో బయటికి వచ్చింది. సిప్ (ఇంటర్నెట్ కాల్స్‌ను కలిపి ముగించే నియమావళి, అంటే ప్రోటోకాల్) వాడే సర్వర్ మీదికి కాల్స్ పంపి అది ఎంత బరువు మోయగలదో చూడటానికి ఇంతకంటే నమ్మకమైన పనిముట్టు నేను చూడలేదు. కానీ దాని సినారియోలు, అంటే కాల్ ఏ వరుసలో నడవాలో చెప్పే ఫైళ్లు, ఎక్స్‌ఎంఎల్ అనే ట్యాగుల భాషలో రాయాలి. ఇన్వైట్ (కాల్ పిలుపు) పంపు, 100 (ప్రయత్నిస్తున్నాం) రావచ్చు, 180 (మోగుతోంది) రావచ్చు, 200 (సరే) రావాలి, ఏసీకే (అందింది) పంపు, కొంతసేపు ఆగు, బై (కాల్ ముగింపు) పంపు, దానికి మళ్లీ 200 రావాలి... ఇలా ప్రతి అడుగూ మనమే చెప్పాలి. సందేశంలో ఒక్క హెడర్ (వివరాల వరుస) తప్పితే కాల్ ఎక్కడ పోయిందో వెతకడానికి సగం రోజు పడుతుంది. మా బృందంలో కొత్తగా చేరినవారు దీనితో చాలా ఇబ్బంది పడేవారు. మామూలు మాటల్లో చెబితే ఏఐయే సినారియో రాసి, టెస్టు నడిపి, ఫలితం వివరిస్తుందంటే మాకు నిజంగానే ఆశ పుట్టింది. డెమోలో ఐదు కాల్స్ చేయమన్నారు, నిమిషంలో అయిపోయింది. చందా కట్టేశాం.

మొదటి వారం బాగానే గడిచింది. సర్వర్ బతికే ఉందా అని ఆప్షన్స్ అనే సందేశం పంపి చూడటం, ఒక ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్ నంబరు) సర్వర్‌లో రిజిస్టర్ అవుతోందా అని చూడటం వంటి చిన్న పనులు హాయిగా జరిగాయి. చిక్కంతా లోడ్ టెస్టుతో, అంటే ఎక్కువ కాల్స్ పంపి చూసే పరీక్షతో, మొదలైంది.

ఒక సాయంత్రం ఆరున్నరకు ఏఐతో, టెస్టు సర్వర్‌లోని ఎకో ఎక్స్‌టెన్షన్‌కు (మన మాటే తిరిగి వినిపించే నంబరుకు) సెకనుకు 5 చొప్పున మొత్తం 200 కాల్స్ పంపమని చెప్పాను. నిమిషం తర్వాత జవాబు వచ్చింది: "టెస్టు ముగిసింది. 200 కాల్స్‌కు 200 విజయవంతం." సంతోషంగా ఇంటికి వెళ్లాను. రాత్రి పదిన్నరకు డ్యూటీలో ఉన్న సహోద్యోగి ఫోన్ చేశారు. "మీ టెస్టు ఇంకా నడుస్తోందా అండీ? టెస్టు సర్వర్ డిస్క్ నిండిపోయింది, కాల్ రికార్డుల పట్టిక ఆగకుండా పెరుగుతూనే ఉంది" అన్నారు. లాగిన్ అయి చూస్తే సిప్‌పీ ప్రాసెస్ బతికే ఉంది. సెకనుకు 5 అంటే గంటకు 18,000. నాలుగు గంటలకు 72,000 కాల్స్. వెళ్లినవి లోపలి ఎక్స్‌టెన్షన్‌కే కాబట్టి బయటి బిల్లు రాలేదు. అదే సినారియోలో బయటి నంబరు, అందులోనూ ఎక్కువ రుసుము పడే విదేశీ ప్రీమియం నంబరు ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

మర్నాడు కూర్చుని కనెక్టర్ స్క్రిప్టు తెరిచి చదివాం. సిప్‌పీలో మొత్తం కాల్స్ సంఖ్యకు హద్దు పెట్టేది మైనస్ ఎం (-m) ఆప్షన్. అది ఇవ్వకపోతే మనం ఆపేదాకా సిప్‌పీ కాల్స్ పంపుతూనే ఉంటుంది. వేగం కూడా చెప్పకపోతే సెకనుకు 10 చొప్పున పంపుతుంది. ఈ కనెక్టర్ ఏఐకి ఇచ్చిన టూల్‌లో (ఏఐ పిలిచి వాడుకునే ఆదేశంలో) గమ్యం, వేగం, సినారియో అనే మూడు గళ్లే ఉన్నాయి. మొత్తం సంఖ్యకు గడి లేదు. ఏఐ 200 అని పంపిన సంఖ్యను తనకు తెలియని విషయమని కనెక్టర్ చెప్పలేదు, చప్పుడు లేకుండా పారేసింది. సిప్‌పీని వెనకాల నడిచే పద్ధతిలో మొదలుపెట్టి, 60 సెకన్లు చూసి, "పూర్తయింది" అనే ఒక్క మాట ఏఐకి తిరిగి ఇచ్చింది. నడుస్తున్న టెస్టును ఆపే టూల్ అసలు లేనే లేదు. 200కు 200 అన్న లెక్క మరి ఎక్కడిది? నా ప్రశ్నలో ఉన్న సంఖ్యనే తీసుకుని ఏఐ వాక్యం పూర్తి చేసింది. సిప్‌పీ లెక్కించిన అంకె ఒక్కటి కూడా దాని దగ్గరికి చేరలేదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలుసుకోవాలి. సిప్‌పీ ముగిసేటప్పుడు ఒక నిష్క్రమణ కోడ్ ఇస్తుంది. అన్ని కాల్స్ సఫలమైతే 0, ఒక్క కాల్ అయినా విఫలమైతే 1, కాల్స్ ఏవీ జరగకుండా ముగిస్తే 99. ఇంత స్పష్టంగా నిజం చెప్పే పనిముట్టు అది. కనెక్టర్ ఆ కోడ్‌ను చదవనే లేదు. ప్రాసెస్ మొదలైతే చాలు, అది విజయం కిందే లెక్క వేసుకుంది. నిజం చెప్పగల సిప్‌పీకీ దాన్ని వివరించగల ఏఐకీ నడుమ కూర్చుని, మేం డబ్బు కట్టి కొన్న భాగమే నిజాన్ని మింగేసింది.

రెండోది దీనికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. కొత్త వెర్షన్ పెట్టాక ఒక ఎక్స్‌టెన్షన్‌కు కాల్ టెస్టు ఫెయిల్ అవుతూ వచ్చింది. ఎందుకో చూసి సరిచేయమని ఏఐని అడిగాను. రెండు నిమిషాల్లో టెస్టు పచ్చబడింది, అంటే పాసైనట్టు చూపించింది. మూడు రోజుల తర్వాత వేరే పని మీద ప్యాకెట్ క్యాప్చర్ (నెట్‌వర్క్‌లో వెళ్లిన సందేశాల నమోదు) తెరిచినప్పుడు కనబడింది: ఇన్వైట్ వెళ్లింది, 100 వచ్చింది, వెంటనే 486 వచ్చింది, ఏసీకే వెళ్లింది, అంతే. 486 అంటే అవతలి ఫోన్ బిజీగా ఉందని. ఫోన్ మోగనే లేదు, ఎవరూ ఎత్తనే లేదు. సినారియో ఫైలు తెరిచాను. 200 రావాలని నేను రాసిన వరుసలో ఇప్పుడు 486 ఉంది. దాని కింద ఉండాల్సిన విరామమూ బై సందేశమూ మాయమయ్యాయి. రాసిన అడుగులన్నీ పూర్తయితే సిప్‌పీ ఆ కాల్‌ను సఫలమనే లెక్కిస్తుంది, ఆ అడుగులు మనకు కావలసినవేనా అన్నది దానికి తెలియదు. ఏఐ సర్వర్‌ను సరిచేయలేదు, సర్వర్ తప్పుకు సరిపోయేలా పరీక్షనే మార్చింది.

సరిచేయమన్నది నేనే, నిజమే. నా మాటలో స్పష్టత లేదంటే ఒప్పుకుంటాను. కానీ ఫైలు మార్చే ముందు ఇదిగో ఈ వరుస ఇలా మారుస్తున్నాను, సరేనా అని అడిగే ఏర్పాటు కనెక్టర్‌లో ఉండాలి కదా. ఇది అడగలేదు, పాత ఫైలు కాపీ ఉంచలేదు, నేరుగా దాని మీదే రాసేసింది. పాత సినారియో, ఫైళ్ల పాత ప్రతులు దాచే మా వెర్షన్ భండారంలో ఉండబట్టి దొరికింది. ఆ మూడు రోజుల్లో సర్వర్ లోపాన్ని మేం ఎవరం పట్టించుకోలేదు, టెస్టు పచ్చగా ఉంది కాబట్టి.

పాస్‌వర్డుల సంగతి ఆ తనిఖీలోనే బయటపడింది. చాలా ఖాతాలతో టెస్టు చేయడానికి సిప్‌పీకి సీఎస్‌వీ ఫైలు ఇస్తాం. మొదటి వరుసలో సీక్వెన్షియల్ అనో రాండమ్ అనో ఉంటుంది, ఆ కింద సెమీకోలన్లతో విడదీసిన యూజర్ పేర్లు, పాస్‌వర్డులు. ఏఐకి సందర్భం తెలియాలని ఈ కనెక్టర్ మొత్తం ఫోల్డర్‌ను చదివి సంభాషణలో కలిపి బయటి ఏఐ సర్వర్లకు పంపేస్తోంది. పాత సంభాషణల్లో వెనక్కి వెళ్తే మా 40 టెస్టు ఖాతాల పాస్‌వర్డులు అక్షరాక్షరం కనబడ్డాయి. సిప్‌లో డైజెస్ట్ అనే గుర్తింపు పద్ధతి ఉన్నదే పాస్‌వర్డ్ తీగ మీద నేరుగా ప్రయాణించకూడదని. సర్వర్ 401 (గుర్తింపు కావాలి) జవాబుతో పాటు నాన్స్ అనే తాత్కాలిక సంకేతం పంపుతుంది, మనం దాన్నీ పాస్‌వర్డునూ కలిపి హాష్ చేసి, అంటే వెనక్కి విప్పలేని సంకేతంగా మార్చి, ఆ హాష్ మాత్రమే పంపుతాం. ప్రోటోకాల్ రాసినవారు అంత శ్రద్ధ తీసుకున్నచోట ఈ కనెక్టర్ ఫైలునే ఎత్తి పంపించింది. ఆ రాత్రే అన్ని పాస్‌వర్డులూ మార్చాం. సందేశాల లాగ్ ఫైళ్లు (నమోదులు) కూడా ఇదే దారిన వెళ్లాయి. వాటిలో ఎవరు ఎవరికి కాల్ చేశారన్న నంబర్లు, లోపలి ఐపీ చిరునామాలు అన్నీ ఉంటాయి. మావి టెస్టు నంబర్లు కాబట్టి సరిపోయింది. నిజమైన వినియోగదారుల లాగ్ ఫైళ్లు పెట్టుకుని వాడేవారుంటే దయచేసి ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి.

అమ్మినవారికి ఇవన్నీ ఆధారాలతో రాశాం. మొదటి జవాబులో ఏఐకి ఇంకా వివరంగా ఆదేశాలు ఇవ్వమన్నారు. కనెక్టర్‌కూ ఏఐకీ మధ్య తరచూ కనెక్షన్ తెగిపోతోందని కూడా చెబితే అది ఏఐ వైపు లోపమన్నారు. అదీ నిజం కాదు. ఈ కనెక్టర్ ఏఐతో మాట్లాడేది ఎంసీపీ ద్వారా, అంటే ఏఐని బయటి పనిముట్లతో కలపడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో బయటపెట్టిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ద్వారా. ఒకే యంత్రంలో నడిచేటప్పుడు కనెక్టర్ సందేశాలు స్టాండర్డ్ అవుట్‌పుట్ (ప్రోగ్రామ్ తన ఫలితాలు రాసే దారి) గుండా వెళ్తాయి. ఆ దారిలో ప్రోటోకాల్ సందేశం తప్ప మరొక్క అక్షరం రాయకూడదని ప్రమాణంలోనే ఉంది. కొన్ని రకాల టెస్టుల్లో సిప్‌పీ గణాంకాల తెరను కనెక్టర్ అదే దారిలోకి వదిలేస్తోంది. అంకెల పట్టిక మధ్యలో చొరబడితే జేసన్ అనే రూపంలో ఉన్న సందేశం విరిగిపోక ఏమవుతుంది? ఆ వరుసలను కత్తిరించి చూపించాక వారు ఒప్పుకున్నారు, కానీ ప్రయత్నకాలం దాటింది కాబట్టి డబ్బు వాపసు ఉండదన్నారు.

కొనాలనే ఉంటే, డబ్బు కట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఒక కాల్‌ను 192.0.2.1 చిరునామాకు పంపమని డెమోలో అడగండి. 192.0.2తో మొదలయ్యే ఆ చిరునామాలు పత్రాల్లో ఉదాహరణలకు మాత్రమే కేటాయించినవి, ఆర్‌ఎఫ్‌సీ 5737 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో ఆ మాట ఉంది. అక్కడ జవాబిచ్చే యంత్రం ఉండదు, కాబట్టి ఇన్వైట్‌కు బదులు రాదు, కాల్ విఫలం కావాలి, కోడ్ 1 రావాలి. మాకు ఈ ఆలోచన కొన్నాక వచ్చింది. పెట్టి చూస్తే మా కనెక్టర్ దీన్ని కూడా "పూర్తయింది" అనే చెప్పింది. ఆ మాట వినబడితే అక్కడే లేచి వచ్చేయండి.

తర్వాత, నడపబోయే సిప్‌పీ కమాండ్‌ను అక్షరం పొల్లుపోకుండా చూపించమనండి. అందులో మైనస్ ఎం, ఒకేసారి ఉండే కాల్స్‌కు హద్దు పెట్టే మైనస్ ఎల్ (-l) కనబడాలి. ఏఐ ఏం అడిగినా కనెక్టర్ వాటిని దాటనివ్వకూడదు. గమ్యాల జాబితా మన చేతిలో ఉండాలి, అందులో లేని చిరునామాకు ఒక్క ప్యాకెట్ కూడా వెళ్లకూడదు. టూల్ వివరణలో "సురక్షితం", "చదవడానికి మాత్రమే" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. నమ్మదగిన సర్వర్ నుంచి వస్తే తప్ప అలాంటి వివరణలను నమ్మవద్దని ఎంసీపీ ప్రమాణమే చెబుతోంది, టూల్ నడిపే ముందు మనిషి అనుమతి తీసుకోవాలని కూడా చెబుతోంది. మా కనెక్టర్ స్థాపన సూచనల్లో మొదటి మెట్టే "ఎల్లప్పుడూ అనుమతించు" నొక్కమనడం. ఆ రోజే అనుమానం రావాల్సింది.

ఏఐ మీద నాకు కోపం లేదు. ఇప్పుడు కూడా క్యాప్చర్ వివరించడానికి, సినారియో తొలి ప్రతి రాయించుకోవడానికి వాడుతున్నాం. నిజమైన నంబర్లు, చిరునామాలు తీసేసి మేమే అతికిస్తాం. నడిపేది మాత్రం మనిషే. కొంచెం ఆలస్యమవుతోంది, అయినా వచ్చిన ఫలితం మాదే.

ఇలాంటి కనెక్టర్‌ను ఇప్పటికే వాడుతున్నవారు ఈ రాత్రి పడుకునే ముందు మూడు పనులు చేయండి. టెస్టు యంత్రంలో లాగిన్ అయి, సిప్‌పీ ప్రాసెస్ ఏదైనా మీకు తెలియకుండా నడుస్తోందేమో చూసి ఆపండి. సినారియో ఫైళ్లను పాత వెర్షన్లతో వరుస వరుసగా పోల్చండి, ముఖ్యంగా ఏ జవాబు కోసం ఎదురుచూస్తున్నామో చెప్పే వరుసలు. సీఎస్‌వీలో ఉన్న ప్రతి ఖాతా పాస్‌వర్డూ మార్చండి. చందా వాపసు గొడవ రేపు ఉదయం చూసుకోవచ్చు.