సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు జాగ్రత్త: కారు మీదవుతుంది, బ్యాటరీ కాకపోవచ్చు

రీల్స్‌లో రోజూ కనిపిస్తాడు కదా, కొన్నవాళ్ల మెడలో దండ వేసి, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫోటో దిగే హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ కార్ల ఆయన, అతని దగ్గరే నేను పాత ఎలక్ట్రిక్ కారు కొన్నాను. పేరు రాయొద్దని లాయర్ చెప్పారు, రాయడం లేదు. మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. దండ నాకూ వేశారు లెండి.

కారు రెండేళ్లు కూడా నిండనిది. ఒకటే ఓనర్, టైర్లు బాగున్నాయి, సర్వీస్ రికార్డు ఉంది, రేటు తక్కువ. ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు కనిపిస్తోందేమని అడిగాను. "లోన్ క్లోజ్ అయిపోయింది మేడం, ఎన్‌ఓసీ వారంలో వస్తుంది, ట్రాన్స్‌ఫర్ పూచీ మాది" అన్నాడు. డబ్బు మొత్తం కట్టించుకున్నాడు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా "ఆర్టీవోలో సర్వర్ డౌన్ మేడం". ఆ సర్వర్‌కు అంత జబ్బేమిటో చూద్దామని ఆర్‌సీ మీదున్న ఫైనాన్స్ కంపెనీకి నేనే ఫోన్ చేశాను.

అక్కడ తెలిసింది. కారు లోన్ నిజంగానే క్లోజ్ అయింది. వీళ్లు అప్పిచ్చింది కారుకు కాదు, బ్యాటరీకి. 2024 చివరి నుంచి మన దగ్గర కార్లకూ ఈ స్కీములు వచ్చాయి. బ్యాటరీ ఖరీదు తీసేసి కారు ధర తక్కువగా చూపిస్తారు, బ్యాటరీకి కిలోమీటరుకు ఇంత అని నెలనెలా కట్టాలి. మొదటి ఓనర్ ఆ స్కీములో కొన్నాడు. అతని ఒప్పందంలో నెలకు కనీసం 1,500 కిలోమీటర్లు. కారు ఇంటి ముందు టార్పాలిన్ కింద పడున్నా ఆ డబ్బు కట్టాల్సిందే, నెలకు ఐదు వేలు దాటుతుంది. అతను అమ్మేసిన నెల నుంచి కట్టడం మానేశాడు. బకాయి తీర్చి, మిగతాది ఒకేసారి కట్టండి, లేదా ప్లాన్ మీ పేరు మీదకు మార్చుకోండి, అప్పటిదాకా ఫారం 35 మీద, అంటే అప్పు తీరిపోయిందని ఇచ్చే కాగితం మీద, సంతకం పెట్టం అన్నారు. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే చెప్పింది పాపం. ఫారం 35 లేకపోతే ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు పోదు, అది పోకపోతే కారు నా పేరు మీదకు రాదు.

వెంటనే షోరూమ్‌కు వెళ్లాను. అసలు మంట ఇక్కడే. షోరూమ్ ఓనర్ టీ తాగుతున్నాడు. కూర్చోమని కూడా అనలేదు. నేను చెప్పిందంతా విని, "మేడం, ఇవన్నీ టెక్నికల్ విషయాలు, మీ ఇంట్లో సార్ ఉంటే ఒకసారి ఫోన్ కలపండి, ఆయనకు చెప్తా" అన్నాడు. మా సార్‌కు కారు నడపడమే రాదు. కారు చూసింది నేను, బేరమాడింది నేను, డబ్బు నా అకౌంట్‌లోంచి పోయింది. ఆ మాటే అన్నాను. అప్పుడు కప్పు కింద పెట్టి, పక్కనున్న కుర్రాళ్ల వైపు చూస్తూ, "బ్యాటరీతో కలిపి ఈ రేటుకు ఎవడిస్తాడు మేడం? చదువుకున్నవాళ్లు, ఆమాత్రం తెలియదా?" అన్నాడు. వాళ్లు నవ్వారు. దండ వేసిన కుర్రాడే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

అంటే ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. లోన్ క్లోజ్ అయిందని నా మొహం చూసి చెప్పినప్పుడూ తెలుసు. నేను డబ్బు పంపుతుంటే ఫోన్ స్క్రీన్ వైపు చూస్తూ "థాంక్యూ అక్కా" అన్నప్పుడూ తెలుసు. డబ్బు పడేదాకా అక్క, పడ్డాక మేడం, ప్రశ్న అడిగాక సార్‌ని పిలవాలి. తర్వాత డెలివరీ కాగితం తీసి చూపించాడు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో "ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది" అని ఉంది. ఉన్నదేమిటో చెప్పకుండా ఉన్నట్టుగా అమ్మడమంటే ఏమిటో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

రేంజ్ సంగతీ, అంటే ఒక్క చార్జింగ్‌తో ఎంత దూరం వెళ్తుందన్నదీ చెప్పాలి, కోపంలో అది పక్కకు పోయింది. షోరూమ్‌లో కారు డిస్‌ప్లే మీద 400 కిలోమీటర్ల పైన చూపించి, "విజయవాడ వెళ్లి సగం దూరం వెనక్కి కూడా వచ్చేయొచ్చు" అన్నారు. విజయవాడ ఇక్కడి నుంచి 270 కిలోమీటర్ల పైమాట. ఫుల్ చార్జింగ్‌తో బయల్దేరి, ఏసీ వేసుకుని, హైవే మీద వందకు అటూ ఇటూగా వెళ్తే సూర్యాపేట దాటేసరికి సగం అయిపోయింది. అయితే ఇదంతా మోసమని అనను. ఆ డిస్‌ప్లే అంకె అంతకుముందు కారు ఎలా నడిచిందన్న దాన్నిబట్టి వేసే అంచనా. సిటీలో నెమ్మదిగా తిప్పి ఫుల్ చార్జ్ పెడితే ఎక్కువే చూపిస్తుంది. కంపెనీ ప్రకటనల్లో వేసే అంకె కూడా ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, చాలావరకు మెల్లగా నడిపి తీసేది. మన హైవే మీద కారుకు ఎదురొచ్చే గాలి ఒత్తిడి వేగంతో బాగా పెరుగుతుంది, దానికితోడు ఏసీ. అంకె తగ్గక ఏమవుతుంది? బ్యాటరీ ఎంత బాగుందో తెలియాలంటే చూడాల్సింది ఆ డిస్‌ప్లే కాదు, సర్వీస్ సెంటర్‌లో తీసే బ్యాటరీ హెల్త్ రిపోర్టు. నేను అడిగితే "అది కొత్త కార్లకే ఇస్తారు మేడం" అన్నారు. అబద్ధం. అధీకృత సర్వీస్ సెంటర్‌లో నాకు తీసి ఇచ్చారు.

అక్కడే ఇంకో దెబ్బ. ఫ్లెక్సీల మీద పెద్ద అక్షరాలతో కనిపించే "బ్యాటరీకి జీవితకాల వారంటీ" చాలా కంపెనీల్లో మొదటి ఓనర్‌కే. జీవితకాలం అంటే కూడా సాధారణంగా పదిహేనేళ్లు. కారు చేతులు మారగానే ఏళ్ల లెక్క, కిలోమీటర్ల లెక్క ఉన్న మామూలు వారంటీకి దిగిపోతుంది. నాకు అమ్మేటప్పుడు మాత్రం జీవితకాలం అనే చెప్పారు. ఎవరి జీవితమో నేను అడగలేదు.

లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు విని నవ్వాడు. అక్కడ పాత రెనో జోయీ ఎలక్ట్రిక్ కార్లతో ఈ తలనొప్పి ఎప్పటినుంచో ఉందట. వాటిలో చాలా కార్లు బ్యాటరీ అద్దె ఒప్పందంతో అమ్మినవి కాబట్టి, సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లోనే బ్యాటరీ సొంతమా, అద్దెదా అని రాస్తారట. మన దగ్గర ఆ మాట ఎక్కడా కనిపించదు. ఇక్కడ సన్‌రూఫ్ ఉందా లేదా అన్నదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

పైగా తెలంగాణలో కొత్త ఎలక్ట్రిక్ కారుకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. బ్యాటరీకి కట్టాల్సింది కలుపుకుంటే నేను కొన్నదానికీ కొత్తదానికీ పెద్ద తేడా లేదు. ఈ లెక్క ఇప్పుడు వేశాను, రాత్రి పన్నెండింటికి.

కొనేవాళ్లకు రెండు ముక్కలు. ఆర్‌సీ మీద ఏ ఫైనాన్స్ పేరున్నా, ఆ అప్పు కారుదా బ్యాటరీదా అని ఆ కంపెనీనే అడగండి, అమ్మేవాడిని కాదు. మొదటి ఓనర్ కొన్నప్పటి ఇన్‌వాయిస్ చూపించమనండి, బ్యాటరీ విడిగా ఉంటే దాంట్లో తెలిసిపోతుంది. ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాను, లాయర్ నోటీసు సోమవారం వెళ్తుంది. మొదటి ఓనర్ ఫోన్ ఎత్తడం లేదు. ఇలా బ్యాటరీ ప్లాన్ మధ్యలో ఇరుక్కుని, దాన్ని డీలర్ చేతనే కట్టించినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో చెప్పండి.