గుంటకో ట్రిప్పు చెరువు మట్టి: మూడు వానాకాలాల తర్వాత

జనగామ జిల్లాలో మాకున్న మూడెకరాల చెల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేల) భూమిలో రెండెకరాలకు 2022 మే నెలలో చెరువు పూడిక మట్టి తోలించాను. తవ్వే యంత్రం, రెండు ట్రాక్టర్లు, చదును చేసే బ్లేడు అన్నీ ఒకరే సమకూర్చే సేవ అది. మా మండలంలో ఈ పని చేసేవారు నలుగురైదుగురు ఉన్నారు. నేను మాట్లాడుకున్నవారి పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ సేవను ఎలా కొలవాలో, ఎక్కడ మోసం జరిగే వీలుందో, పెట్టిన డబ్బుకు ఏం దక్కుతుందో చెప్పడమే నా ఉద్దేశం. మూడో ఎకరానికి డబ్బు సరిపోక వదిలేశాను. పోల్చి చూసుకోవడానికి తర్వాత అదే పనికొచ్చింది. మార్కులు అడిగితే, మట్టికి అయిదులో నాలుగు, సేవకు రెండున్నర ఇస్తాను.

చాలామంది ఈ మట్టిని ఎరువు లెక్కన కొంటారు. మొదటి ఏడు పైరు నల్లగా రాకపోతే డబ్బు దండగైందనుకుంటారు. ఇందులో కొంత సేంద్రియ పదార్థం, కొంత పొటాష్ ఉండే మాట నిజమే కానీ, నా అనుభవంలో దీని అసలు విలువ నీటిని పట్టి ఉంచడంలో ఉంది. చెల్క నేలలో వాన నీరు రెండు దారుల్లో చేజారిపోతుంది. పెద్ద చినుకు గంటకు 30 కిలోమీటర్లకు పైగా వేగంతో నేలను తాకి మట్టి కణాలను విడగొడుతుంది; ఆ సన్నని పొడి పైరంధ్రాలను పూడ్చి, ఎండగానే పొరలా బిగుసుకుంటుంది, దాంతో తర్వాత పడే వాన లోపలికి దిగకుండా పొర్లిపోతుంది. అలా కాక లోపలికి దిగిన నీరు ఇసుక రేణువుల మధ్య నిలవలేక వేళ్ళకు అందని లోతుకు జారిపోతుంది. మీటరు లోతు ఇసుక నేల మొక్కకు అందేలా 25 నుంచి 100 మిల్లీమీటర్ల నీటిని మాత్రమే దాచుకుంటే, బంకనేల 175 నుంచి 250 మిల్లీమీటర్ల దాకా దాచుకోగలదు. ఒక ఎకరంపై 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండు లక్షల లీటర్ల నీరు పడినట్టు. దాంట్లో మనకు మిగిలేది ఎంత అన్నది మబ్బు కన్నా మట్టే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ఇక ట్రిప్పు కొలత. నేను ట్రిప్పుకు 700 రూపాయల చొప్పున 80 ట్రిప్పులు మాట్లాడుకున్నాను. ట్రాలీని టేపుతో కొలిస్తే పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అడుగుంబావు కన్నా కొంచెం ఎక్కువ లోతు తేలింది. అంచు దాటి కుప్పగా నింపితేనే వంద ఘనపుటడుగులు, అంటే మూడు ఘనపు మీటర్లకు కాస్త తక్కువ, వస్తుంది. ఎకరంలో అంగుళం మందాన పరచాలంటే అలాంటివి 36 కావాలి. 40 అనుకుంటే లెక్క సులువు: ఎకరానికి 40 గుంటలు కనుక గుంటకు ఒక ట్రిప్పు. ముప్పైమూడు అడుగులకు ఒక కుప్ప పోయిస్తే దాదాపు సరిపోతుంది. ముందే కట్టెలు పాతి గుర్తు పెట్టుకోవడం నా పని కాదనుకుని డ్రైవర్లకు వదిలేశాను, అది నా తప్పు. దారికి దగ్గరగా ఉన్న గుంటల్లో రెండేసి కుప్పలు, దూరపు మూలల్లో ఒక్కటీ లేదు. పైగా మధ్యాహ్నం తర్వాత వచ్చిన ట్రాలీలు అంచు వరకు కూడా నిండలేదు. అడిగితే గతుకుల్లో కింద పడిపోయిందన్నారు. వచ్చిన దారి చూస్తే అంత మట్టి ఎక్కడా కనిపించలేదు.

అంగుళం మట్టి ఏ మూలకని అడిగేవారికి చిన్న లెక్క చెబుతాను. పది శాతం బంకమన్ను ఉన్న నేలలో, నలభైఅయిదు శాతం బంకమన్ను ఉన్న పూడికను అంగుళం మందాన వేసి, కింది ఆరంగుళాలతో కలియదున్నితే ఆ ఏడంగుళాల పొరలో బంకమన్ను పదిహేను శాతం అవుతుంది. చెల్క రేగడిగా మారిపోదు. పది శాతం పదిహేను శాతమైతే చాలు, ఆ తేడా బెట్ట రోజుల్లో కంటికి కనిపిస్తుంది. అంతకు మించి ఆశ పెట్టే ప్రచారాన్ని నమ్మవద్దు.

డబ్బు వృథా అయ్యేదీ, సద్వినియోగం అయ్యేదీ మట్టి ఎక్కడి నుంచి తవ్వుతున్నారన్న దగ్గరే. చెరువంతటా ఒకే రకం మట్టి ఉండదు. వాగు వచ్చి కలిసే చోట నీటి వేగం తగ్గగానే బరువైన ఇసుక ముందు దిగిపోతుంది; సన్నని ఒండ్రు ఇంకాస్త ముందుకు సాగుతుంది; అన్నిటికన్నా సన్నని బంకమన్ను నీరు చివరిదాకా కదలకుండా నిలిచే లోతట్టు భాగంలో, కట్ట వైపు పేరుకుంటుంది. మాకు మొదటి యాభై ట్రిప్పులు ఆ లోతట్టు నుంచే వచ్చాయి. నల్లగా, చేతికి జిగటగా, మధ్యమధ్య తెల్లని నత్తగుల్లలతో ఉన్న ఆ మట్టి చూసి సంతోషించాను. మూడో రోజు యంత్రం బురదలో దిగబడుతోందని శిఖం (చెరువు గర్భం) పైభాగానికి మార్చారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. సాయంత్రం కుప్పలో చేయి పెడితే గరగరలాడే ఇసుక తగిలింది. మా నేలలో ఇసుకకు కొరత లేదని, దాని కోసం ట్రిప్పుకు ఏడు వందలు పెట్టలేనని గట్టిగా చెప్పాక పని ఒక రోజు ఆపి మళ్ళీ కిందికి వచ్చారు. అప్పటికే దించిన పద్దెనిమిది ట్రిప్పులకు మాత్రం ధర తగ్గించలేదు. కట్టకు మరీ దగ్గరగా తవ్వించడం కట్టకే ప్రమాదం, అడుగున మొరం తేలేదాకా తవ్వితే ఆ మట్టితో మనకు ప్రయోజనమూ లేదు. తవ్వకానికి అనుమతి ఉందో లేదో కూడా ముందే అడగాలి. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టినప్పుడు పూడిక ఉచితం, రవాణా ఖర్చు రైతుది అన్న పద్ధతి ఉండేది. ఇప్పుడూ మనం ఇచ్చే డబ్బు తవ్వినందుకు, తోలినందుకే తప్ప మట్టికి కాదని గుర్తుంచుకుని బేరమాడాలి.

మట్టిని అక్కడికక్కడే చూసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పిడికెడు మట్టిని తడిపి ముద్ద చేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పోతే, మంచి పూడిక రెండంగుళాల పట్టీలా తెగకుండా సాగుతుంది. ఇసుక కలిసినది అంగుళం రాకముందే విరిగిపోతుంది. గాజు సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి గట్టుమీద పెడితే ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతుంది, బంకమన్ను మర్నాటికి కూడా నీటిని మబ్బుగానే ఉంచుతుంది. ఉప్పుదనం, చౌడు సంగతి మాత్రం పరీక్షలోనే తేలుతుంది కనుక, ఉదజని సూచిక (pH) 8.5 దాటిన మట్టిని ఉచితంగా ఇచ్చినా వద్దనాలి. సోడియం ఎక్కువైన బంకమన్ను తడవగానే విడిపోయి రంధ్రాలను మూసేస్తుంది, అప్పుడు నీరు లోపలికి దిగడమే మానేస్తుంది. పట్నం మురుగు కలిసే చెరువుల జోలికి నేను పోలేదు. ఇక్కడ మరో మాట: మనకిచ్చే భూసార పరీక్ష కార్డులో పన్నెండు అంశాలు ఉంటాయి, కానీ ఆ నేల ఎంత నీటిని ఎన్నాళ్ళు పట్టి ఉంచుతుందన్నది వాటిలో లేదు. వర్షాధార రైతుకు మొదట కావలసినది అదే.

చదును చేసే పని విషయంలో నా అసంతృప్తి ఎక్కువ. ధరలోనే కలిసి ఉందన్న బ్లేడుకు చివర్లో గంటల లెక్కన వేరే డబ్బు అడిగారు. తడి కుప్పలు రోహిణి కార్తె ఎండకు రాయిలా గట్టిపడి, బ్లేడుకు పెల్లలుగా లేచాయి తప్ప పొడి కాలేదు. తొలకరి వాన ఒకటి పడి పదునెక్కాక గాని అవి చిట్లలేదు. నిండు ట్రాక్టర్లు ఒకే దారిన తిరగాలని ముందే చెప్పకపోవడంతో చేనంతా చక్రాల బాటలు పడ్డాయి. ఆ బరువుకు కింది పొర ఎంతగా అణిగిందంటే, మూడో ఏడు కూడా ఆ బాటల్లో పత్తి మోకాలి ఎత్తు దాటలేదు.

మొదటి వానాకాలం నన్ను నిరుత్సాహపరిచింది. 2022 జూలైలో ముసురు పట్టిన రోజుల్లో పూడిక వేసిన చేలో నీరు ఇంకక, మొలకలు పసుపు రంగుకు తిరిగాయి. వేయని ఎకరంలో మర్నాటికే కాలు దిగబడకుండా నడవగలిగాము. నీటిని పట్టి ఉంచే గుణానికి ఇది రెండో ముఖం. రంధ్రాలు నీటితో నిండితే వేళ్ళకు గాలి అందదు. నడుమ ఒక కాలువ తీసి ఉంటే సరిపోయేది, దాని గురించి సేవ అందించినవారూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. మరుసటి ఏడు మాత్రం పెట్టిన డబ్బుకు సమాధానం దొరికింది. 2023 ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లోకెల్లా తక్కువ వాన పడిన ఆగస్టు. పూడిక వేయని ఎకరంలో పూత మీదున్న పత్తి మధ్యాహ్నానికే ఆకులు వాల్చేసింది. పూడిక వేసిన చోట ఆ స్థితి రావడానికి మరో నాలుగు రోజులు పట్టింది. సాలు మధ్య జానెడు తవ్వి చూస్తే ఒకవైపు మట్టి వేళ్ళ సందుల్లోంచి పొడిగా జారిపోయింది, రెండోవైపు పిడికిట్లో ముద్దగా నిలిచింది. నాలుగు రోజులంటే తక్కువగా అనిపించవచ్చు. ఆ గడువులో ఒక జల్లు పడితే పూత నిలుస్తుంది, పడకపోతే రాలుతుంది, మాకు పడింది.

మూడో వానాకాలంలో తెలిసిన విషయం ఈ సేవను అమ్మేవారెవరూ చెప్పనిది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాలను ముంచెత్తిన వాన మా వైపూ గట్టిగానే కురిసింది. ఆగ్నేయం మూలన పాత గట్టు మూడడుగుల మేర తెగింది. వాన వెలిశాక వెళ్ళి చూస్తే కింది రైతు ఎర్రని చేలో నల్లని మట్టి విసనకర్రలా పరుచుకుని ఉంది, వేలు గుచ్చితే రెండు కణుపుల లోతు. దాని మీద అక్కడక్కడా తెల్లగా మెరుస్తున్నవి నత్తగుల్లలు. మా సాళ్ళలో మిగిలింది గులకరాళ్ళు, ముతక ఇసుక. నీరు ఎప్పుడూ సన్నని మట్టినే ముందు ఎత్తుకుపోతుంది, అంటే నేను డబ్బు పెట్టి తెచ్చిన భాగాన్నే. పక్కనే ఉన్న పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: "మీ తాత పొలంల నుంచి కొట్టుకపోయిందే తమ్మీ ఆ చెరువుల ఉన్నది. పైసలు పెట్టి తెచ్చుకుంటివి, మళ్ళ అటే పంపుతున్నవు."

ఆ మాటను బలపరిచే లెక్కలు పాతవే. మన దేశంలో ఏటా 533 కోట్ల టన్నుల మట్టి కోతకు గురవుతోందని, అందులో పదోవంతు జలాశయాల్లో చేరుతోందని 1983లో అంచనా వేశారు. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీల సామర్థ్యం ఉండగా, 1990లలో జరిగిన సర్వే నాటికే అది 90కి దిగింది. పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1976 నుంచి పక్కపక్కనే రెండు పద్ధతులతో సాగు చేస్తున్న నల్లరేగడి క్షేత్రాల్లో, వాలును బట్టి వెడల్పు మళ్ళు, కాలువలు చేసి, వానాకాలమంతా పైరు కప్పి ఉంచిన చోట మట్టి నష్టం పాత పద్ధతితో పోలిస్తే నాలుగోవంతుకు తగ్గింది. అక్కడ బయటి నుంచి మట్టి తేలేదు. ఉన్నదాన్ని కదలనివ్వలేదు, అంతే. మట్టి నిలిస్తే నీరు నిలిచింది.

అందుచేత ఈ సేవను ఎవరికి సిఫారసు చేస్తానంటే, చెరువు నాలుగైదు కిలోమీటర్ల లోపు ఉండి, నేల ఎర్ర చెల్క లేదా దుబ్బ (ఇసుక నేల) అయి, గట్లు సరిగా ఉన్నవారికి. నల్లరేగడివారికి ఇది పూర్తిగా అనవసరం. గట్టు లేని వాలు భూమి ఉన్నవారు ఆ డబ్బుతో ముందు గట్టు వేయించుకోవాలి. చేతిలో ఉన్నది ఒక్క పనికే సరిపడితే నేను గట్టునే ఎంచుకుంటాను, ఎందుకంటే గట్టుంటే ఉన్న చెల్క అయినా నిలుస్తుంది. కౌలు రైతులు కూడా ఆలోచించుకోవాలి: లాభం రెండో ఏటి నుంచి కనిపిస్తుంది, కౌలు ఒప్పందం అప్పటికి ఉంటుందన్న హామీ లేదు.

మిగిలిన ఎకరానికి ఈ వేసవిలో నలభై ట్రిప్పులు తోలించాలని మళ్ళీ అదే వ్యక్తితో మాట్లాడాను. ఇంత చెప్పాక కూడా ఆయన దగ్గరికే ఎందుకంటే, పిలిచిన రోజుకు యంత్రం వచ్చేది ఆయన దగ్గరే. ఈసారి షరతులు కాగితం మీద రాసుకున్నాము. ఆగ్నేయం మూలన రాతి కట్టుతో మత్తడి (ఎక్కువైన నీరు పొర్లిపోయే దారి) పూర్తయ్యాకే మొదటి ట్రాలీ రావాలి. గుంట గుంటకూ కట్టె పాతి ఉంటుంది, ట్రాలీ అంచు దాటకపోతే లెక్కలోకి రాదు, ట్రాక్టర్లు ఉత్తరపు అంచు దారినే రావాలి, బ్లేడు ధరలోనే. తవ్వే చోట సీసా పట్టుకుని నేను కూర్చుంటాను. ఆయన 850 అన్నారు, నేను 750 అన్నాను. 800 దగ్గర ఆగింది.