గ్యాస్ కాదు, ఫ్యాన్ కెపాసిటర్

విజయవాడ గాంధీనగర్‌లో మా లాడ్జికి వేడినీళ్లిచ్చేది మేడ మీది హీట్ పంపే, అంటే బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే యంత్రం. దుర్గమ్మ దర్శనానికి వెళ్లేవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే స్నానానికి లేస్తారు. అప్పుడు దాని అవుట్‌డోర్ యూనిట్ లో-ప్రెషర్ (లోపలి గ్యాస్ ఒత్తిడి తగ్గిందని) చూపించి ఆగిపోతే ఎంత టెన్షనో! ముందు వచ్చిన మెకానిక్ రెండుసార్లు గ్యాస్ నింపి డబ్బు తీసుకెళ్లాడు. బెంజ్ సర్కిల్ నుంచి వచ్చిన ఈ కుర్రాడు ప్రెషర్ కొలిచే గేజీలు తగిలించకముందే కాయిల్ మీది మంచు, నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యాన్ చూశాడు. ఫ్యాన్ మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ 6 మైక్రోఫారడ్లు (దాని కొలత) ఉండాల్సింది, మీటర్‌లో 3 కూడా చూపలేదు. గాలి ఆడకపోతే కాయిల్ బయటి వేడిని లాగలేదని, అందుకే ప్రెషర్ పడిపోతోందని ఓపిగ్గా చెప్పాడు. కెపాసిటర్ మార్చి, కాయిల్ మీది పల్చటి రేకులు (ఫిన్నులు) వంగకుండా సన్నటి ధారతో దుమ్ము కడిగాడు. రెండుసార్లు నింపడంతో లెక్క తెలియని పాత గ్యాసంతా తీసేసి, నేమ్‌ప్లేట్ మీదున్న బరువుకు తూకం వేసి మళ్లీ నింపాడు. గంట ఆలస్యంగా వచ్చాడు, అదొక్కటే లోటు. మూడు వారాలైంది, మళ్లీ ఆగలేదు.