మాడిన గిన్నెలు: తినే సోడా, చింతపండు, బూడిద ఏళ్లుగా వాడాక

స్టీలు గంజులో పాలు అడుగంటితే తినే సోడాకు పదికి తొమ్మిది మార్కులు వేయొచ్చు. అదే సోడా అల్యూమినియం బగోనలో వేసి మరిగిస్తే, మాడు పోకపోగా గిన్నె మొత్తం నల్లబడుతుంది. ఏళ్లుగా మా వంటింట్లో తిరుగుతున్నవి నాలుగే: తినే సోడా, చింతపండు, దొడ్డుప్పు, బూడిద. జిడ్డు మొండిగా ఉంటే బట్టల సోడా. నిమ్మకాయ, వెనిగర్ కూడా ఉన్నాయి గానీ అవి చేసేది చింతపండు చేసే పనే, ఖర్చు మాత్రం ఎక్కువ.

ముందు సోడా సంగతి. పొడి సోడా చల్లి పీచుతో రుద్దితే ఏమీ కాదు, చెయ్యి నొప్పి తప్ప. మాడు నీళ్లలో కరిగే సరుకు కాదు. దాని కిందికి నీళ్లు చేరి, లోహానికి పట్టిన పట్టు వదలాలి. అందుకు వేడీ కావాలి, టైమూ కావాలి. మాడు మీద రెండు వేళ్ల ఎత్తున నీళ్లు పోయండి. లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాల సోడా లెక్క. సోడా చల్లని నీళ్లలోనే కలిపి ఆ తర్వాత పొయ్యి మీద పెట్టాలి. మరుగుతున్న నీళ్లలో వేశారంటే ఒక్కసారిగా నురగ పొంగి స్టవ్ అంతా పారుతుంది. గిన్నె సగానికి మించి నింపొద్దనేదీ అందుకే. పొంగు వచ్చాక మంట తగ్గించి పది, పదిహేను నిమిషాలు సన్నగా మరగనివ్వండి. సోడా వేడికి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి నెమ్మదిగా బట్టల సోడాగా మారుతుంది, దాని ఘాటు చల్లని సోడా నీళ్ల కంటే చాలా ఎక్కువ. మరిగించడంలో ఉన్న అసలు లాభం ఇదే.

స్టవ్ ఆపాక అలాగే వదిలేయండి. పాల మాడు అయితే చల్లారేలోపే అంచుల దగ్గర లేచి, ఎండిన అప్పడం ముక్కల్లా పైకి తేలుతుంది. నీళ్లు టీ డికాక్షన్ రంగుకు వస్తాయి. చెక్క గరిటెతో అంచు నుంచి నడిమికి నెట్టితే పొరలు పొరలుగా వస్తుంది. పప్పు, అన్నం మాడితే రాత్రంతా నాననివ్వాలి. బెల్లం పాకం మాడితే సోడా కూడా అక్కర్లేదు, ఉత్త వేడినీళ్లు రెండుసార్లు మరిగిస్తే చాలావరకు కరిగిపోతుంది, బొగ్గయిన భాగానికే సోడా కావాలి. అన్నిటికంటే మొండిది మసాలా కూర మాడు. నూనె, ఉల్లిగడ్డ, కొబ్బరి పొడి మూడూ కలిసి పెంకు కట్టేస్తాయి, దానికి రెండు విడతల మరిగింపు తప్పదు. ఒక విడతకే రాలేదని స్టీలు పీచు తీయకండి. నీళ్లు పారబోసి కొత్త సోడా నీళ్లు పెట్టండి.

ఇంత చేశాక కూడా అడుగున గోధుమరంగు నీడ మిగులుతుంది. మూడు చెంచాల సోడాకు ఒక చెంచా నీళ్లు కలిపి, ముద్దగా పూసి అరగంట ఆగి, కొబ్బరి పీచుతో గుండ్రంగా కాకుండా ఒకే దిక్కుగా రుద్దండి. స్టీలుకు మెరుగు పెట్టిన గీత ఏ దిక్కున ఉంటే ఆ దిక్కునే రుద్దితే గీతలు కనబడవు.

ఫోన్లలో అందరూ చూపించేది సోడా మీద వెనిగర్ పోసి బుసబుసమని నురగ తెప్పించడం. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆమ్లం, క్షారం రెండూ కలిసి ఒకదాని బలం ఒకటి తినేస్తాయి. నురగ చల్లారాక మిగిలేది కాస్త ఉప్పు లాంటి సరుకు కలిసిన నీళ్లు. ఆ బుడగలు వదులుగా ఉన్న పొడిని కాస్త కదిలిస్తాయేమో, గట్టి మాడు దగ్గర పనికిరావు. రెండూ వాడాలనుకుంటే ముందు సోడా, బాగా కడిగాక ఆమ్లం.

ఆ రెండో విడత ఆమ్లం మన దిక్కు ఇళ్లలో మరీ అవసరం. నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లు చాలా చోట్ల గడుసు నీళ్లు, సబ్బు నురగే రాదు. అలాంటి నీళ్లలో సోడా మరిగిస్తే నీటిలోని సున్నం విడిపోయి గిన్నె లోపల తెల్లటి పొడిలా అంటుకుంటుంది. మాడు పోయింది, గిన్నె మాత్రం సున్నం కొట్టినట్టుందే అని చాలామంది సోడాను తిడతారు. తప్పు నీళ్లది. మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు దొరికితే వాటితోనే మరిగించండి. లేదంటే చివర్లో చింతపండు పిప్పితో ఒకసారి తుడిస్తే ఆ తెలుపు నిమిషంలో పోతుంది. స్టీలు మీద వేడికి వచ్చే నీలం, పసుపు ఇంద్రధనుస్సు మరకలూ దాంతోనే పోతాయి.

చింతపండు అసలు చోటు అల్యూమినియం, హిండాలియం. అందులోని టార్టారిక్ ఆమ్లం నల్లబడిన పొరను కరిగిస్తుంది. లీటరు నీళ్లకు నిమ్మకాయంత చింతపండు, పది నిమిషాలు మరుగు. కొత్త చింతపండు పాడుచేయనక్కర్లేదు, పులుసు పిండుకున్న పిప్పి రెండు రోజులది దాచినా చాలు. నల్లటి గీత ఎక్కడిదాకా ఉందో అంతకంటే పైకి నీళ్లుండాలి, లేకపోతే సగం తెల్లగా, సగం నల్లగా తేలుతుంది. అయితే చింతపండు నలుపును తీసినంత బాగా మాడును లేపదు. అల్యూమినియంలో అన్నం మాడితే వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఒక చెంచా కలిపి మరిగించి, నానబెట్టి, చెక్క గరిటెతో గీకి, ఆ తర్వాతే చింతపండు. ఓపిక పట్టాలి, స్టీలు గిన్నెలో సోడాకు వచ్చినంత వేగం దీనికి రాదు. కుక్కర్‌లో అడుగున పోసే నీళ్లకు లోపల నల్లబడుతుంటే, పిండేసిన నిమ్మ చెక్క ఒకటి ఆ నీళ్లలో వేస్తే నలుపే పట్టదు.

తపాలచెక్క గిన్నెలది వేరే గోల. బియ్యప్పిండి, నూనె, నువ్వులు కలిసి గిన్నె అంచు చుట్టూ గట్టి వలయం కడుతుంది. ఒక వాయి కాగానే గిన్నెను నీళ్లలో ముంచి చల్లార్చి, మళ్లీ పిండి ఒత్తడం అలవాటు. పల్చటి అల్యూమినియం గిన్నె దాన్ని ఓర్చుకుంటుంది. కింద మందంగా రెండు మూడు లోహాలు అతికించిన స్టీలు గిన్నె ఓర్చుకోదు: అడుగు ఉబ్బి, గ్యాస్ పొయ్యి మీద గిరగిరా తిరుగుతుంది, ఆ తర్వాత నడిమి భాగం ఎప్పుడూ మాడుతూనే ఉంటుంది. రెండు గిన్నెలు పెట్టుకుని ఒకటి చల్లారేలోపు రెండోది వాడటం మేలు. వలయం స్టీలు గిన్నెలోనైతే సోడా నీళ్లు అంచుదాకా నింపాల్సి వస్తుంది, పొంగుతుంది. దానికి బదులు తడి గుడ్డకు సోడా ముద్ద పట్టించి వలయం మీద చుట్టి రాత్రంతా వదిలితే తెల్లారి గరిటెతో ఊడుతుంది.

గిన్నె బయట పట్టే పసుపు జిగురు నూనె కాలి గట్టిపడిన పొర. తినే సోడా దాన్ని కదిలించదు. ఇక్కడ బట్టల సోడా: వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపి, గుడ్డ తడిపి, జిగురు మీద పరిచి గంట ఉంచాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, చర్మం పగులుతుంది. ఇది కూడా స్టీలుకే. అల్యూమినియం కంచుడుకైతే ఈ పొరను పూర్తిగా తీయాలన్న పట్టుదల వదులుకోవడమే మంచిది, వంటకు అది అడ్డం రాదు.

బూడిదకు ఇప్పుడు మార్కులు తక్కువే వేస్తాం. కట్టెల పొయ్యి బూడిద జల్లెడ పట్టి, తడి పీచుతో రుద్దితే మసి, జిడ్డు చక్కగా పోతాయి. అందులో సహజంగానే క్షారం ఉంది. ఇత్తడి, ఇనుము బయటి వైపుకు బాగుంటుంది. మిర్యాలగూడ దిక్కు రైసుమిల్లుల ఊక బూడిద మాత్రం వేరు, దాంట్లో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుక జాతి సరుకు. స్టీలు లోపల దాంతో తోమితే కంటికి తళతళమంటుంది గానీ వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. గీతలు పడ్డ గిన్నెలో మర్నాడు పాలు ఇంకా తొందరగా అంటుకుంటాయి. కళాయి (తగరం పూత) పూసిన ఇత్తడి గిన్నె లోపల ఏ బూడిదా వద్దు, కళాయి అరిగిపోతుంది. కట్టెల పొయ్యి మీద పెట్టేముందే గిన్నె అడుగుకు బయట తడి బూడిద పల్చగా పూయడం బూడిదకున్న అసలైన వాడకం. మసి గిన్నెకు కాకుండా ఆ పూతకు పట్టి, నీళ్లు పోస్తే జారిపోతుంది.

జొన్నరొట్టెల ఇనుప పెంకకు సోడా, చింతపండు, నానబెట్టడం మూడూ వద్దు. గోరువెచ్చగా ఉన్నప్పుడే రెండు చెంచాల దొడ్డుప్పు పోసి, ఉల్లిగడ్డ చెక్కతోనో మందపు గుడ్డతోనో రుద్దితే కాలిన పిండి ఉప్పుకు అంటుకుని వస్తుంది. తుడిచి, సన్న మంట మీద ఆరబెట్టి, నూనె చుక్క రాయాలి. తుప్పు పట్టిందంటేనే చింతపండు పులుసు, అదీ అరగంట లోపే. ఆ తర్వాత నూనె పల్చగా రాసి పొగ వచ్చేదాకా కాల్చడం మూడు నాలుగు సార్లు చేస్తేనే రొట్టె మళ్లీ అంటకుండా లేస్తుంది.

నాన్‌స్టిక్ గురించి రెండు ముక్కలు: గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా సోడా, గంట నానబెట్టి మెత్తటి గుడ్డ. పూత లేచిపోతుంటే తోమే పని మానేసి గిన్నె మార్చండి. కూల్‌డ్రింక్ పోసి నానబెట్టే చిట్కా కూడా చూశాం, దానికంటే చింతపండు పిప్పి నయం.

బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం గిన్నె దగ్గరికి రానివ్వొద్దు. స్టీలును కూడా తింటుంది, చిన్న చిన్న గుంటలు పడతాయి. దానికి బ్లీచింగ్ పౌడరు తోడైతే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన వంటింట్లో ఊపిరి ఆడదు. ఉప్పు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది: స్టీలు గిన్నెలో చల్లని నీళ్లలో ఉప్పు వేసి అలాగే వదిలేస్తే అడుగున తెల్లటి చుక్కల్లాంటి గుంటలు పడతాయి, అవి దేనికీ పోవు. నానబెట్టేటప్పుడు ఉప్పు వద్దు, వండేటప్పుడు కూడా నీళ్లు మరిగాకే వేయండి.