ఫోర్డ్ ట్రైటన్‌లో స్పార్క్ ప్లగ్ విరిగితే: లైల్ 65600 కొన్నేళ్లు వాడాక

టూల్స్ చేసే లైల్ కంపెనీ వాళ్ల 65600 టూల్ కొన్నేళ్లుగా నా గరాజ్‌లో ఉంది. నా ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కి వాడాను, డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ట్రక్కులకీ వాడాను. ఇంజన్ హెడ్డులో (సిలిండర్ల పైనుండే మూతలో) ఇరుక్కుపోయిన ప్లగ్ ముక్కని, హెడ్డు విప్పకుండా బయటికి లాగడం దీని పని. ఆ పని బాగా చేస్తుంది. కాకపోతే కొన్నవాళ్లు చాలామంది మొత్తం భారం దీని మీదే వేసేస్తారు. అక్కడే నాకు పేచీ. సగానికి పైగా పని ముందు రోజు రాత్రి పోసే క్లీనర్‌ది.

ఇది అన్ని బళ్లకీ పనికొచ్చే టూల్ కాదు. సిలిండర్‌కి మూడు వాల్వులుండే ఫోర్డ్ ట్రైటన్ ఇంజన్ల కోసమే చేశారు. 2004 మోడల్ నుంచి ఎఫ్-150లో వచ్చిన 5.4 లీటర్ల వి8 వాటిలో బాగా తెలిసింది. 4.6 వి8, 6.8 వి10 కూడా ఆ కోవలోవే. మామూలు ప్లగ్‌కి మరలు దాదాపు కింది చివర దాకా ఉంటాయి. ఈ ఇంజన్ల ప్లగ్గులకి మరలు పైనే ఆగిపోతాయి, వాటి కింద సన్నటి ఉక్కు గొట్టం ఒకటి హెడ్డు లోపలికి దిగి ఉంటుంది. ఆ గొట్టం విడి ముక్క. పై భాగానికి నొక్కి బిగించారు. గొట్టానికీ హెడ్డుకీ మధ్య సందులో ఏళ్ల తరబడి మసి పేరుకుని రాయిలా అయిపోతుంది. ప్లగ్ మార్చే గడువేమో లక్ష మైళ్లు, అంటే సుమారు 1,60,000 కిలోమీటర్లు. అన్నాళ్లూ ఎవరూ ముట్టుకోని ప్లగ్‌ని తిప్పితే పై భాగం తిరుగుతుంది, గొట్టం కదలదు, అతుకు ఊడిపోతుంది. వీటిని ఎలా తియ్యాలో, విరిగితే ఏం చెయ్యాలో 2008లో ఫోర్డే మెకానిక్‌లకి సర్వీస్ బులెటిన్ ఇచ్చింది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీల మీద పని చేసిన మా మావయ్యకి ఫోన్లో ఇదంతా చెబితే, "ట్రక్కుకి స్పార్క్ ప్లగ్గేంట్రా?" అన్నాడు. ఆయన చూసినవన్నీ డీజిల్ బళ్లు. ఇక్కడ ట్రక్కంటే పెట్రోలు పికప్ అని, బిగుసుకున్న ప్లగ్ తిప్పితే కీచుమంటుందని చెప్పాక, "అయితే కీచుమన్నప్పుడు ఆపెయ్యక, విరిగేదాకా తిప్పడమెందుకు?" అన్నాడు. బులెటిన్‌లో ఉన్నది కూడా దాదాపు అంతే.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీదైతే తేలిగ్గా వస్తుందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బులెటిన్ మాత్రం చల్లటి ఇంజనే అంటుంది. నేనూ దానికే ఓటేస్తాను, ఎందుకంటే హెడ్డు అల్యూమినియం, వేడి మీద మరలు చెడితే ఆ తలనొప్పి ఇంతకంటే పెద్దది. ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్ తీసి, ప్లగ్ ఉండే గుంటలో దుమ్ము గాలితో ఊదేసి, ప్లగ్‌ని ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వరకే వదులు చెయ్యాలి. గుంటలో కార్బ్యురేటర్ క్లీనర్ అర నుంచి ముప్పావు టీస్పూను పోసి కనీసం 15 నిమిషాలు ఆగాలి. నేనైతే రాత్రంతా వదిలేస్తాను. ఎక్కువ పోస్తే ఎక్కువ నానుతుందని సీసా ఒంపేయకండి. ద్రవం సిలిండర్‌లో నిలిచిపోయిన ఇంజన్‌ని స్టార్ట్ చేస్తే పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. పొద్దున్నే చేతి రాచెట్‌తో కొంచెం వదులు, మళ్లీ బిగింపు, మళ్లీ కొంచెం వదులు. కీచుమని అరిచి చేతికి బరువు తెలిస్తే ఆపి, ఇంకొంచెం పోసి కూర్చోవాలి. దెబ్బలేస్తూ తిప్పే ఇంపాక్ట్ రెంచ్ దగ్గరికి కూడా తేకూడదు.

ఇంత చేసినా విరిగేవి విరుగుతాయి. విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ ఉండదు. చేతికి ఉన్న బరువు ఒక్కసారిగా పోతుంది, రాచెట్ ఉత్తినే తిరుగుతుంది. బయటికొచ్చిన ప్లగ్ పొట్టిగా ఉంటుంది. టార్చ్ వేసి చూస్తే గుంట అడుగున నల్లటి రింగు, దాని మధ్యలో విరిగిన ప్లగ్ లోపలి తెల్లటి పింగాణీ కనిపిస్తాయి. టెన్షన్ వద్దు, టూల్ అక్కర్లోకొచ్చేది ఇప్పుడే.

పింగాణీ గొట్టం అంచు కంటే పైకి పొడుచుకొచ్చి ఉంటే ముందు దాన్ని అంచు దాకా చితక్కొట్టి, వాక్యూమ్‌కి సన్నటి పైపు పెట్టి రజనంతా లాగేయాలి. తర్వాత టూల్‌లోని మొదటి భాగాన్ని ప్లగ్ మరల్లోనే ఎక్కించి తిప్పితే, దాని పిన్ను పింగాణీని గొట్టంలోనే కిందికి నెడుతుంది. దాంతో పైన కాస్త చోటు దొరుకుతుంది. ఇక్కడ అత్యాశ పనికిరాదు. మరీ కిందికి నెడితే చివరన నిప్పురవ్వ పుట్టే ఎలక్ట్రోడ్ విరిగి సిలిండర్‌లో పడుతుంది. రెండో భాగం మరలు కోసే ట్యాప్. దాని మొనకి గ్రీజు రాసి గొట్టంలోకి దింపుతుంటే ఉక్కుని కొరుకుతున్నట్టు చేతికి సన్నగా తెలుస్తుంది. అలా తెలియకుండా జారుతుంటే అది ఇంకా పింగాణీ రజను మీదే ఉందని అర్థం. బయటికి తీసి మళ్లీ వాక్యూమ్ పెట్టాలి. ట్యాప్ పట్టు చిక్కాక పైన నట్టు తిప్పడమే. నట్టు కాసేపు బిగుస్తుంది, ఉన్నట్టుండి టక్కుమని వదులవుతుంది. మసి చెక్కుతో సహా గొట్టం పైకొచ్చేస్తుంది. ఎన్ని తీసినా ఆ టక్కు చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచొస్తుంది.

లోపాల్లేవని కాదు. డాష్‌బోర్డుకీ ఇంజన్‌కీ మధ్య గోడ పక్కనుండే వెనక సిలిండర్ల దగ్గర ఈ టూల్ పట్టుకుని తిప్పడానికి చెయ్యి ఆడదు. ఎక్స్‌టెన్షన్లు, మోకాళ్ల కింద దిండు, బానెట్ మీదికి వాలే ఓపిక, అన్నీ కావాలి. కాగితం మీద ఇచ్చిన సూచనలు సరిగ్గానే ఉన్నాయి గానీ మరీ పొదుపుగా ఉన్నాయి. పింగాణీ వంకరగా విరిగితే ఎలాగో మన తిప్పలు మనవే. ట్యాప్ మొన వాడకంతో అరుగుతుంది. దాన్ని కడిగి, నూనె రాసి దాస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇలాంటిదే నాసిరకం కాపీ ఒకటి మా ఫ్రెండ్ ఆన్‌లైన్‌లో సగం ధరకి తెప్పించాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. ఉక్కు మెత్తగా ఉండి ట్యాప్ మొన గొట్టంలోనే మెలి తిరిగిపోయింది. దాన్ని పీకడానికి పట్టిన సమయం ప్లగ్‌కి పట్టలేదు. "అన్నా, నీదే ఇచ్చెయ్ ఈసారి" అంటాడిప్పుడు.

అన్ని ముక్కలూ వచ్చాక ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసేసి, కాయిల్స్ కనెక్టర్లు విడిగా ఉంచి, ప్లగ్గులు లేకుండానే ఒకసారి స్టార్టర్‌తో ఇంజన్ తిప్పుతాను. మిగిలిన క్లీనర్ బయటికి చిమ్ముతుంది, కాబట్టి ఎవరూ దగ్గర ఉండకూడదు. కొత్త ప్లగ్గులకి కింది గొట్టం మీద బిగుసుకుపోకుండా ఆపే నికెల్ యాంటీ-సీజ్ పల్చగా రాయాలి, ఎలక్ట్రోడ్ కొనకి తగలనివ్వకూడదు. బిగింపు 25 ఫుట్-పౌండ్లు, అంటే 34 న్యూటన్ మీటర్లు; బిగింపు కొలిచే టార్క్ రెంచ్ లేకుండా అందాజాగా బిగించొద్దు. ఒకే ముక్కగా చేసిన ఛాంపియన్ 7989 లాంటివి వేస్తే ఊడటానికి అతుకే ఉండదు. నా ట్రక్కులో వేసింది అవే.

ఒక్క ట్రక్కు ఉండి, ఒక్కసారే ప్లగ్గులు మార్చేవాళ్లకి ఇది కొనమని చెప్పను. డిపాజిట్ కడితే టూల్స్ అరువిచ్చే పార్ట్స్ షాపులు అమెరికాలో చాలా ఉన్నాయి. ముందే తెచ్చి పక్కన పెట్టుకోండి, విరిగాక ఇంజన్ విప్పి ఉన్న బండితో షాపుకి వెళ్లలేరు. తెచ్చేటప్పుడు కౌంటర్ దగ్గరే పెట్టె తెరిచి ట్యాప్ మొన చూడండి. అంచులు గుండ్రంగా అరిగి ఉంటే ఇంకోటి అడగండి.