శాక్రమెంటో వరద మైదానాలు: ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి

ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రయాణంలో చేప కంటబడదు. చలికాలంలో సముద్రం నుంచి నదిలోకి తిరిగొచ్చే షినూక్ సాల్మన్ చేపలు అంతరించిపోతున్నాయి. వాటి కోసం కాలిఫోర్నియాలో శాక్రమెంటో నదికి అది పొంగినప్పుడు పరుచుకునే పల్లం తిరిగి ఇస్తున్నారు. మనకి కనిపించేవి మాత్రం బురదనీళ్లు, తుంగ, బాతులు, కొంగలు. అది చాలనుకుంటే చదవండి.

డేవిస్‌కీ శాక్రమెంటోకీ మధ్య ఉన్న యోలో బైపాస్ 59 వేల ఎకరాల నేల. నది పొంగినప్పుడు ఊరు మునగకుండా నీళ్లు ఇటు మళ్లుతాయి. ఎగువన 1924లో కట్టిన ఫ్రీమాంట్ వియర్ మన చెరువు అలుగు లాంటిదే, మట్టం దాటితేనే పారుతుంది. చిక్కంతా అక్కడే. చిన్న వరదలకి అలుగు పారదు, కాబట్టి నదిలో దిగువకి పోయే సాల్మన్ పిల్లలకి పల్లంలోకి దారి ఉండదు. అందుకే అలుగుకి లోతుగా గండి కొట్టి తలుపులు బిగించే ‘బిగ్ నాచ్’ పని 2022లో మొదలుపెట్టారు.

పల్లంలోకి వస్తే ఏం లాభం? దీనికి జవాబు వరిమళ్లలో దొరికింది. 2012లో ఈ బైపాస్‌లోనే నాగ్స్ రాంచ్ అనే చోట, కోత అయిపోయిన మళ్లలో నీళ్లు నిలబెట్టి సాల్మన్ పిల్లల్ని వదిలారు. లోతు తక్కువ, నీరు కాస్త వెచ్చన, కుళ్లే గడ్డి చుట్టూ చేపపిల్లలు తినే సన్నటి నీటి పురుగులు లెక్కలేనన్ని. నదిలోని పిల్లలకంటే ఇవి ఎన్నో రెట్లు వేగంగా పెరిగాయి. కోనసీమ నుంచి వచ్చిన మా మామయ్యగారికి చెబితే, “వరిచేలో మట్టగిడసలు పట్టినవాళ్లం, మాకు చెబుతావేంట్రా” అన్నారు.

ఇక సదుపాయాల సంగతి. బైపాస్‌లోని వన్యప్రాణి ప్రాంతంలో కారు దిగకుండానే తిరగొచ్చు, పిల్లలకీ పెద్దవాళ్లకీ సుఖం. కానీ వరద వస్తే గేట్లు మూసేస్తారు. అంటే ఆ చోటు అసలు పని చేసేటప్పుడు మనకి ప్రవేశం లేదు! దానికి విరుగుడు క్యాపిటల్ కారిడార్ రైలు. డేవిస్ నుంచి శాక్రమెంటోకి నీళ్ల మధ్యలోంచే వెళ్తుంది. నా లెక్కలో ఇంత తక్కువ ఖర్చులో ఇంత మంచి చూపు ఇంకెక్కడా లేదు. చలికాలంలో బాతుల వేట కాలం కూడా, తుపాకీ మోతలకి ఉలిక్కిపడకండి.

ఒక్క చోటికే వెళ్లగలిగితే మాత్రం దక్షిణాన ఉన్న కొసుమ్నెస్ రివర్ ప్రిజర్వ్‌కి వెళ్లండి. ఈ నది మీద పెద్ద ఆనకట్ట లేదు, వాన పడితే తనంతట తానే పొంగుతుంది. 1985లో కరకట్ట తెగి మేట వేసిన పొలంలో కాటన్‌వుడ్, విల్లో చెట్లు వాటంతటవే లేచి అడవైంది. అది చూసి పదేళ్లకి ఇంకోచోట కావాలనే గట్టు తెంపారు. చక్రాల కుర్చీ కూడా వెళ్లే చెక్కబాట ఉంది, టికెట్ లేదు, చలికాలంలో శాండ్‌హిల్ కొంగలు వస్తాయి. తినడానికి ఏమీ దొరకదు, పులిహోర కట్టుకెళ్లండి. డిసెంబర్, జనవరిల్లో తెల్లారి పొగమంచుకి ముందున్న కారు కూడా కనబడదు, ఎండెక్కాక బయల్దేరండి.

బస డేవిస్‌లో మేలు, నడిచే దూరంలో తిండి దొరుకుతుంది. మేం దిగిన హైవే పక్క మోటెల్‌లో రాత్రంతా లారీల హోరు, పొద్దున టిఫినంటే చల్లటి వాఫుల్. వెనకవైపు గది అడిగి తీసుకోండి.

పిల్లలు చేప చూడాల్సిందేనని పేచీ పెడితే ఫోల్సమ్ ఊరి దగ్గరి నింబస్ హ్యాచరీ (చేపపిల్లల్ని పొదిగించి పెంచే చోటు) ఉంది. నవంబర్ మొదట్లో చేపలు ఎక్కొచ్చే మెట్ల కాలువ (ఫిష్ ల్యాడర్) తెరిచాక పెద్ద పెద్ద సాల్మన్‌లు ఎగిరెగిరి పైకొస్తాయి. అయితే అవి ఆకురాలు కాలపు రకం, ఆనకట్ట వల్ల పోయిన గుడ్లు పెట్టే చోటుకి బదులుగా తొట్లలో పెంచేవి. ఆ తేడా పిల్లలకి చెప్పే తీసుకెళ్లండి.

మోడెస్టో ఊరి దగ్గర, ఇలాగే నదికి పల్లం తిరిగిచ్చి 2024లో తెరిచిన డోస్ రియోస్ స్టేట్ పార్క్ ఇంకా లేతది. డెయిరీ పొలాల్లో నాటిన మొక్కలే ఎక్కువ, నీడ తక్కువ. రాత్రి ఉండనివ్వరు. వేసవిలో వద్దు, వసంతంలో పొద్దున్నే అయితే సరే.