ఆధార్ బయోమెట్రిక్ లాక్: నాలుగు ఆధార్లకు మూడేళ్లు వాడాక

2016లో దేశంలో దాదాపు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు దొంగల చేతిలో పడ్డాయి. బ్యాంకులు పాత కార్డులు ఆపి కొత్తవి ఇచ్చాయి, పిన్ మార్చుకోమన్నాయి. కార్డు కాబట్టి అంతటితో సరిపోయింది. వేలిముద్ర పోతే మార్చి ఇచ్చేది ఏమీ లేదు. ఆధార్ నంబరు, వేలిముద్ర, ఖాతా ఏ బ్యాంకులో ఉందన్న సంగతి, ఈ మూడూ దొరికితే చాలు, ఒక్కో దఫాకు 10,000 రూపాయల దాకా తీయొచ్చు. ఓటీపీ అడగదు, పిన్ అడగదు. ఆధార్‌తో డబ్బు తీసే ఈ పద్ధతినే ఏఈపీఎస్ అంటారు. కడప జిల్లా ఊళ్లలో 'తంబు వేసి తీయడం' అంటేనే అందరికీ తెలుస్తుంది.

వేలిముద్ర ఎట్లా పోతుందని చాలామంది అడుగుతారు. పాత రిజిస్ట్రేషన్ దస్తావేజు ఒకటి తీసి చూడండి. ఫొటో, దాని పక్కన సిరాతో వేసిన వేలిముద్ర, వెనకాల పేజీల్లో ఆధార్ జిరాక్సు. అన్నీ ఒకేచోట. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దించుకున్న దస్తావేజుల్లోని ముద్రలతో నకిలీ వేళ్లు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. ఆ తర్వాత అదే పద్ధతి ఖాతాల మీదికి మళ్లింది. 2023లో ఆధార్ సంస్థ వేలిముద్ర బతికున్న వేలిదా కాదా అని చూసే అదనపు పరీక్ష పెట్టింది. అది మంచిదే. కానీ ఆ పరీక్ష మన చేతిలో ఉండేది కాదు. మన చేతిలో ఉండేది ముఖ్యంగా బయోమెట్రిక్ లాక్, అంటే ఆధార్‌లో మన వేలిముద్ర పనిచేయకుండా వేసే తాళం.

లాక్ వేయడం ఐదు నిమిషాల పని. ఆధార్ యాప్‌లోనైనా, మైఆధార్ వెబ్‌సైటులోనైనా ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి పోయి 'లాక్ / అన్‌లాక్ బయోమెట్రిక్స్' నొక్కి, ఒప్పుకున్నట్టు టిక్ పెట్టి ముందుకు పోతే పడిపోతుంది. పైసా ఖర్చు లేదు. వేలిముద్ర, కంటిపాప, ముఖం మూడూ మూతపడతాయి. ఓటీపీతో జరిగే ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు చూపడం) మాత్రం మామూలుగా నడుస్తుంది.

అసలు చిక్కు తెరిచేటప్పుడు వస్తుంది. అక్కడ రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి తాత్కాలికం: పది నిమిషాలు తెరిచి ఉండి, దానంతటదే మళ్లీ పడుతుంది. రెండోది లాక్‌ను పూర్తిగా తీసేయడం. సిమ్ అంగట్లోనో, రేషన్ షాపులోనో వెనక జనం తోస్తుంటే చాలామంది చెయ్యి రెండోదాని మీదికే పోతుంది. పని అయిపోతుంది, తాళం లేదన్న సంగతి ఆరునెలల దాకా గుర్తుకు రాదు. ఈ మూడేళ్లలో ఎక్కువసార్లు జరిగిన పొరపాటు ఇదే. ఎప్పుడైనా సరే తాత్కాలికమే నొక్కాలి. అదీ ఇంటి దగ్గర కాదు, మిషను ముందర మీ వంతు రావడానికి ఇద్దరు ఉన్నారనగా నొక్కాలి. సర్వర్ నెమ్మదిగా ఉన్నరోజు పది నిమిషాలు దాటిపోతే మళ్లీ ఓటీపీ నుంచి మొదలు.

రేషన్‌కు కార్డులో పేరున్న ఎవరి వేలిముద్ర అయినా చాలు. కాబట్టి ఆధార్ నంబరుకు లింకైన ఫోన్ ఎవరి చేతిలో ఉంటే ఆ మనిషే పోవాలి. మిగిలినవాళ్ల తాళాలు ముట్టుకోనక్కర్లేదు.

మిషను ఒప్పుకోకపోతే కోడ్ చూడండి. 330 అంటే తాళం పడి ఉందని అర్థం. 300 అంటే తాళంతో సంబంధం లేదు, ముద్ర కలవలేదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల పని చేసేవాళ్లకు ఈ 300 నిత్యం వచ్చేదే. బండ కోసే చేతుల్లో బొటనవేలి గీతలు అరిగి నున్నగా అయిపోయి ఉంటాయి, చుట్టూ చర్మం పగిలి ఉంటుంది. వాళ్లు లాక్ తీసి వేసి తీసి వేసి విసిగిపోతారు. తప్పు లాక్‌ది కాదు. మధ్యవేలో ఉంగరపువేలో పెట్టి చూడాలి, లేదా కంటిపాపతో చేయించుకోవాలి.

ఈ లాక్‌లో ఎక్కువ పనికొచ్చిన భాగం తాళం కన్నా దాని పక్కనుండే ఆథెంటికేషన్ హిస్టరీ. ఆరు నెలల వెనక్కి, 50 ఎంట్రీల దాకా చూపిస్తుంది: తేదీ, గంట, వేలిముద్రా ఓటీపీనా, ఏ సంస్థ అడిగింది, పాసైందా ఫెయిలైందా. మీరు ఎక్కడికీ పోని రోజున బ్యాంకు పేరుతో 330 కోడ్ కనిపిస్తే, మీ ఆధార్ నంబరు మీద ఎవరో ముద్ర వేసి చూశారని, తాళం వల్ల అది ఆగిందని అర్థం. ఆ పేజీని వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆరు నెలలు దాటితే ఆ వరుస కనిపించదు. ఆధార్‌కు ఈమెయిల్ కూడా లింకు చేసి ఉంటే ప్రతి ప్రయత్నానికీ మెయిల్ వస్తుంది.

ఇక ఇది ఎవరికి పనికిరాదో చెప్పాలి. కొన్ని ఇళ్లలో జేజి (అవ్వ) ఆధార్‌కు కువైట్‌లో ఉండే కొడుకు నంబరు లింకై ఉంటుంది. ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్లు 4,000 పెన్షన్ పట్టుకుని గడపలో నిలబడతారు. తాళం తీయాలంటే ఓటీపీ అక్కడికి పోతుంది. ఆ సిమ్ రీఛార్జి అయిపోయి ఉంటే అదీ లేదు. ఇట్లాంటి ఇంట్లో ముందు నంబరు మార్పించాలి. ఆధార్ కేంద్రంలో 75 రూపాయలు. అది అయ్యేదాకా జేజికి లాక్ వేయకండి.

ఆమెకు వేరే దారి ఉంది. పెన్షన్‌కు వేసే వేలిముద్ర వేరు, బ్యాంకు ఖాతా నుంచి తంబు వేసి తీసేది వేరు. రెండోదాన్ని బ్యాంకు దగ్గర ఆపించొచ్చు. కొన్ని బ్యాంకుల యాప్‌లోనే ఏఈపీఎస్ ఆపే మీట ఉంది. లేకపోతే బ్రాంచిలో లేఖ ఇవ్వాలి. లేఖలో రెండు మాటలు విడివిడిగా రాయాలి: "ఈ ఖాతా నుంచి ఆధార్ ద్వారా నగదు తీసే సౌకర్యం ఆపండి. సబ్సిడీ జమ కోసం ఆధార్ లింకు మాత్రం అట్లే ఉంచండి." రెండో వాక్యం లేకపోతే కౌంటర్‌లో ఆధార్ లింకునే తీసేస్తారు, తర్వాత అన్నదాత సుఖీభవ, తల్లికి వందనం లాంటి పథకాల డబ్బు జమ కాక తిరగాల్సి వస్తుంది. ఇంకో సంగతి. సబ్సిడీ పడేది ఒక్క ఖాతాలోనే అయినా, తంబుతో తీసే వీలు ఆధార్ ఇచ్చిన ప్రతి బ్యాంకులోనూ ఉంటుంది. నాలుగు బ్యాంకులుంటే నాలుగు లేఖలు.

బ్యాంకుల మీద కోపం వచ్చేది ఇక్కడే. ఖాతాదారుడు అడగకుండానే ఈ సౌకర్యం తెరిచి ఉంటుంది, మూయించాలంటే మాత్రం ఖాతాదారుడే తిరగాలి. వివరాలు బయటికి పోతే సంస్థలు ఆరు గంటల్లోపు సెర్ట్‌ఇన్‌కు (కేంద్ర సైబర్ భద్రతా సంస్థకు) చెప్పాలని 2022 నుంచి ఆదేశం ఉంది. పోయినవి ఎవరి వివరాలో ఆ మనిషికి చెప్పమని ఆ ఆదేశంలో లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మాట చెప్పింది, 250 కోట్ల దాకా జరిమానా పెట్టింది. దాని నిబంధనలు వచ్చింది 2025 నవంబర్‌లో. అమలుకు ఇంకో 18 నెలలు గడువిచ్చారు. ఈలోపు మన పేరు, ఊరు, ఖాతా చివరి నాలుగు అంకెలు గడగడా చెప్పే ఫోన్లు వస్తూనే ఉంటాయి. అట్లా ఫోన్ చేసి ఓటీపీ లాగేవాళ్లను, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కించేది) పంపేవాళ్లను ఈ తాళం ఆపదు.

డబ్బు పోయాక అయితే గంటలు లెక్క. మొదట సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్, ఆ వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు, రెండు ఫిర్యాదుల నంబర్లూ రాసి పెట్టుకోవాలి. బ్రాంచిలో సాధారణంగా వచ్చే జవాబు "వేలిముద్ర సరిపోయింది, మీరే తీసుంటారు" అని. ఆ మాటకు తల ఊపి వచ్చేయకండి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్‌తో తెచ్చిన నిబంధన ప్రకారం తప్పు ఖాతాదారుడిదని రుజువు చేయాల్సింది బ్యాంకే. తప్పు బ్యాంకుదీ మనదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల్లోపు చెబితే మన మీద రూపాయి భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 దాకా మనం భరించాలి. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తం ఖాతాలో చూపించాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఈ నిబంధన సంగతి ఫిర్యాదు మొదటి వాక్యంలోనే రాయండి. లావాదేవీ జరిగిన ఊరు, ఏజెంటు కోడ్, మిషను నంబరు ఇవ్వమని అదే లేఖలో అడగండి. ప్రొద్దుటూరులో ఉన్న మనిషి వేలు అదే గంటకు ఇంకో రాష్ట్రంలో పడిందని ఆ వివరాలతోనే తేలుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు. బ్యాంకులో ఇచ్చిన లేఖ నకలు మీద రౌండ్ సీలు, తేదీ పడాలి. సీలు లేని కాగితాన్ని అక్కడ జతచేసినా మూడు రోజుల లెక్క నిలబడదు.